చందూర్ పిల్ల రెండో స్క్రీన్‌షాటు

ప్రింట్ స్క్రీన్ అని రాసి ఉన్న మీట నొక్కితే కాగితం రాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నా జీవితంలో ఎంత కాలం పోయిందో లెక్కపెట్టుకోలేదు గానీ, పెట్టుకుంటే నాకే సిగ్గేస్తుంది.

బోధన్ బస్టాండు దగ్గర, చెప్పుల దుకాణం పక్కన నాదొక ఆన్‌లైన్ సెంటరు. అదే గదిలో ఇదివరకు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. మిషన్లు పాత సామాన్ల వాడికి పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి, కానీ జనం మాత్రం నన్ను ఇప్పటికీ టైపు మేడమ్ అనే పిలుస్తారు. దరఖాస్తు నింపడం, హాల్‌టికెట్ తీయడం, పట్టాపాసుబుక్కు స్థితి చూడటం, ఇదీ నా పని. పని ముగియగానే తెర మీద ఉన్నది ఉన్నట్టు స్క్రీన్‌షాటు తీసి పెట్టుకుంటాను. మీట నొక్కానో లేదో, ఎదుట కూర్చున్న వాళ్ల చూపు టక్కున ప్రింటర్ మీదికి పోతుంది.

“మేడమ్, కాయితం రాలే.”

“రాదన్నా.”

“ప్రింటు అని రాసి ఉన్నది గదా.”

“రాసి ఉంటది గని, రాదు.”

“మరి రానిదానికి రాసుడెందుకు?”

దీనికి జవాబు ఆ కీబోర్డు తయారు చేసినవాడి దగ్గరైనా ఉందో లేదో. ఒకాయన అయితే నన్ను నమ్మక, నేను మంచినీళ్లకు లేచినప్పుడు నా లాగే ఇంకో మీటతో కలిపి ఆ మీటను ఏడెనిమిది సార్లు గట్టిగా పొడిచాడు. మొండి మిషన్ అనుకున్నాడు కాబోలు. వచ్చి చూస్తే ఫోల్డరు నిండా ఆయన వివరాలే, ఒకే పేజీ.

స్క్రీన్‌షాటు తీయడానికి దారులు చాలా ఉన్నాయి. ఉత్త ప్రింట్ స్క్రీన్ మీట నొక్కితే బొమ్మ కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటుందంతే, తీసుకెళ్లి ఎక్కడన్నా అతికించాలి. అతికించేలోపు ఇంకొకటి కొడితే మొదటిది గోవిందా. ఆల్ట్ పట్టుకుని కొడితే ముందున్న కిటికీ ఒక్కటే వస్తుంది, కింద మూలనున్న గడియారం రాదు. విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే మౌసుతో కావలసినంత ముక్క కోసుకోవచ్చు. కోసుకోవచ్చు గానీ, నా మౌసు వణుకుడు మౌసు. అందుకని నేను విండోస్ మీట, ప్రింట్ స్క్రీన్ మీట కలిపి నొక్కుతాను. తెర మొత్తం, తారీఖుతో, గడియారంతో సహా, దానంతటదే ఫోల్డరులోకి పోయి కూర్చుంటుంది. ఆ ఫైలుకు ఊరి పేరు పెట్టుకుంటాను. అతికించే పని లేదు, మర్చిపోయే పని అసలే లేదు.

ఇందులో ఒక్కటే తంటా. ఈ రెండు మీటలు కలిపి నొక్కినప్పుడు తెర రెప్పపాటు మసకబారుతుంది. కుర్చీలో ఉన్న మనిషి ఎగిరిపడతాడు. కరెంటు పోయిందని ఒకరు, నేను నింపిందంతా కొట్టుకుపోయిందని ఒకరు. ఒక అవ్వయితే తన పింఛనే ఆరిపోయిందని కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రతివాళ్లకూ చెప్పాలి, ఏం కాలేదు, ఫొటో తీసింది, అంతే అని. వినరు. “ఫొటో అయితే ఎలుగు రావాలె గని, సీకటెందుకైతది?” అని అడుగుతారు. రోజుకు పాతికమందికి ఇదే పాఠం చెప్పాక ఇంట్లో పిల్లి అడ్డమొచ్చినా దాని మీద అరుస్తాను.

అయినా నేను స్క్రీన్‌షాటు తీయకుండా ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వను. ఎందుకంటే మాట పడ్డాను. సెంటరు పెట్టిన కొత్తలో ఒకాయన బ్యాంకు ఖాతా నంబరు తానే తప్పు చెప్పి, నేనే తప్పు కొట్టానని నడిబజారులో పట్టుకుని అరిచాడు. నా దగ్గర రుజువు లేదు. టైపు మిషన్ల కాలంలో నా వేలి కింద ఒక్క అక్షరం తప్పేది కాదు, నా దగ్గర నేర్చుకున్నవాళ్లు కోర్టుల్లో, కచేరీల్లో కొలువులు చేస్తున్నారు. అలాంటి నన్ను తప్పు కొట్టిందన్నాడు. ఆ రోజు నుంచి నేను రుజువు లేని పని చేయలేదు. ఎవరొచ్చి గొడవ పడినా ఫోల్డరు తెరిచి, తారీఖు చూపించి, వేలితో గడియారం మీద టకటకా కొట్టి చూపిస్తాను. నోరు మూసుకుని పోతారు. నిజం చెప్పాలంటే, అందులో నాకు కొంచెం సంతోషం కూడా ఉండేది.

ఇంకో పద్ధతి ఉంది, అది నాది కాదు, ఊళ్ల పద్ధతి. తీసిన స్క్రీన్‌షాటును ఇంటి పెద్ద ఫోనుకు వాట్సాప్ చేయాలి. పరీక్ష రాసింది పిల్ల, మార్కులు తెచ్చుకుంది పిల్ల, దరఖాస్తు పిల్లది. స్క్రీన్‌షాటు మాత్రం బాపు ఫోనుకే పోవాలి. కుర్చీలో కూర్చునేది కూడా బాపే. పిల్ల వెనకాల నిలబడి తన పుట్టిన తేదీ అడిగినప్పుడు మాత్రం నోరు విప్పుతుంది. ఒక్కోసారి అదీ బాపే చెబుతాడు, తప్పు చెబుతాడు.

నిరుడు ఎండాకాలం చివర చందూర్ నుంచి ఒక బాపు, ఒక పిల్ల అలాగే వచ్చారు. డిగ్రీ సీట్ల కోసం కాలేజీల వరుస పెట్టాలి. మొదట ఏ కాలేజీ కావాలి, అది రాకపోతే ఏది అని. పిల్లకు బైపీసీలో మంచి మార్కులున్నాయి. ఆ మార్కులకు మొదట ఏది పెడితే అది వచ్చి తీరుతుంది, నాకు తెలుసు. ఆయన వరి పండించే మనిషి, నెమ్మదస్తుడు, తువ్వాలు మోకాళ్ల మీద పరుచుకుని కూర్చున్నాడు.

“బోధన్‌ల బీఏ పెట్టు మేడమ్ మొదలు,” అన్నాడు.

“బైపీసీ సదివి బీఏ ఏందన్నా?”

“ఏదైతేంది, డిగ్రీ డిగ్రీయే గదా. పొద్దుగాల బస్సుకు పోయి పొద్దూకేటాలకు ఇంటికొస్తది. వాళ్లమ్మకు మోకాళ్లు పోయినయ్. నాట్లప్పుడు కూలోళ్లకు వండేటోళ్లు ఉండాలె గదా.”

“నువ్వేమంటవు బిడ్డా?” అని వెనక్కి తిరిగి అడిగాను.

“ఏమంటది, గదే అంటది,” అన్నాడాయన.

పిల్ల తెర వైపే చూస్తోంది. రెండోది కూడా ఏదో ఒకటి పెట్టమని నేనంటే, పెట్టు, వరుస నిండాలె గదా అని నిజామాబాద్ పెట్టించాడు, హాస్టలున్న ఆడపిల్లల కాలేజీ, బీఎస్సీ మైక్రోబయాలజీ. సేవ్ చేశాను, రెండు మీటలూ నొక్కాను, తెర మసకబారింది, ఆయన ఉలిక్కిపడ్డాడు, నా పాఠం నేను చెప్పాను. బొమ్మ ఆయన ఫోనుకు పంపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆ వరుస మార్చుకోవడానికి ఆఖరి రోజు, సాయంత్రం అయిదు వరకే గడువు. మూడు దాటాక పిల్ల ఒక్కతే వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ ఫైలు.

“ఏం జిరాక్సా?” అన్నాను.

“ఇంట్ల జిరాక్సనే చెప్పిన. అక్కా, నాకు జర కీబోర్డు ఇయ్యిర్రి, సాలు. మీరేం చెయ్యకుర్రి. వరుస నేనే మారుస్త.”

నాకు ఒళ్లు మండింది. ఇంతమంది సెంటర్లు పెట్టుకుని కూర్చుంటే నా దగ్గరికే రావాలా? “మీ బాపును తోల్కరా పో,” అన్నాను.

“బాపు ఒప్పుకోడు.”

“ఒప్పుకోకపోతే ఇంట్ల కొట్లాడు. నా దుకాణంల కాదు.”

“కొట్లాడిన. కొట్లాడితే ఇంకింత మొండికెక్కిండు. అక్కా, లిస్టుల ఎట్లొస్తె గట్ల పోతడు మా బాపు. రేషన్ కార్డుల మా అమ్మ పేరు తప్పు వచ్చినా, పైకెల్లి, సర్కారుకెల్లి వచ్చింది తియ్ అనుకొని గదే పేరు పిలుసుడు మొదలువెట్టిండు. లిస్టుల నిజామాబాద్ అని వస్తె వద్దనడు. గని నేను మార్సిన్నని తెలిస్తె మాత్రం అసలు కాలేజే బందు. సాటుకు చేసిన పిల్లను ఊరు దాటిస్తనా అంటడు. గది నాకెర్కనే.”

ఆ పిల్ల ఏడిస్తే వెళ్లగొట్టేదాన్నే. ఏడవలేదు. గడియారం వంక చూస్తోంది. నేనూ బైపీసీయే. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, క్వార్టర్ పక్కనే టైపు నేర్పుతున్నారు కదా, నిజామాబాద్ దాకా ఎందుకు అని నన్ను అందులో వేశాడు. ఆయన మీద నాకు ఇప్పుడు కోపమేమీ లేదు. అప్పుడు ఉండింది, చాలా ఉండింది. ఆ సంగతి పిల్లకు చెప్పలేదు.

“కూసో,” అన్నాను.

వాళ్ల బాపు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టింది. చూడలేక చచ్చాను. ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ, దొరికాక అదే అవునో కాదో అని ఒకసారి తెర చూసి, మళ్లీ వెతుక్కుంటూ. పాస్‌వర్డు కొట్టేసరికి పేజీ గడువు తీరిందని బయటికి నెట్టింది. మళ్లీ కొట్టింది. ఆఖరి రోజు కాబట్టి జిల్లా అంతా అదే పేజీ మీద పడింది, చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగున్నర అయింది. జరుగు, నేను కొడతా అని నా వేళ్లు జివ్వుమంటున్నాయి. కానీ కొట్టకూడదు, కొడితే అది నా పని అవుతుంది. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. నాలుగు నలభై ఎనిమిదికి నిజామాబాద్ పైకొచ్చింది, బోధన్ కిందికి పోయింది. సేవ్ అయింది.

నా చెయ్యి దానంతటదే పోయి రెండు మీటలూ నొక్కింది. తెర మసకబారింది. ఆ పిల్ల ఎగిరిపడింది.

“అక్కా, గిది బాపు ఫోన్‌కు పోతదా?”

“నేను పంపితేనే పోతది.”

“పంపకుర్రి. తీసెయ్యిర్రి.”

“పంపను. గని తీసెయ్యను. ఇన్నేండ్లల్ల ఒక్కటి గూడ తీసెయ్యలే. రేపు ఎవలన్న అడిగితే నాకు రుజువు గావాలె.”

పిల్ల ఇంకేదో అనబోయింది. బస్సు పోతుందని తరిమేశాను. చేసిన పని మంచిదో చెడ్డదో తేల్చుకోలేక ఆ సాయంత్రమంతా ప్రతివాళ్ల మీదా అరిచాను.

కొన్నాళ్లకు సీట్లు ఇచ్చారు. ఒక సోమవారం, గది నిండా జనం ఉండగా ఆయన వచ్చాడు. వెనకాలే పిల్ల. ఆ నెమ్మదస్తుడి ముఖం కందిపోయి ఉంది. ఫోను తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. అందులో నేను పంపిన స్క్రీన్‌షాటే. మొదట బోధన్, రెండోది నిజామాబాద్, కింద మూలన తారీఖు, గడియారం.

“గిది నువ్వు వంపిందే గదా మేడమ్?”

“నేను పంపిందే.”

“గిండ్ల మొదలు ఏమున్నది?”

“బోధన్.”

“మరి నిజామాబాద్ ఎట్లొచ్చింది?” అని గడియారం మీద వేలితో టకటకా కొట్టాడు. “టైము గూడ ఉన్నది సూడు. నీ మిషనే సెప్తున్నది. మార్కులు తక్కువై బోధన్ రాలేదా అంటే, గా కాలేజీకే పోయి అడిగొచ్చిన. ఈ పిల్లకన్న తక్కువ మార్కులోళ్లకు సీట్లిచ్చిండ్రు. మల్ల నువ్వు ఏదన్న కొట్టినవా? ఎన్కమీద ఎవలన్న మార్సిండ్రా? కొట్టినయన్నీ ఫొటోలు తీసిపెడ్తవట గదా, ఉంటే సూపెట్టు.”

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నా కుడిచేతి కింద మౌసు ఉంది. చందూర్ అని పేరు పెట్టిన ఫైళ్లు రెండే ఉన్నాయి. రెండో దాని మీద రెండు నొక్కులు నొక్కితే, మర్నాడు తారీఖు, నాలుగు నలభై ఎనిమిది, అన్నీ తెర మీదికి వస్తాయి. ఆ వేళకు జిరాక్సని ఇంట్లోంచి వచ్చింది ఎవరో ఆయనకే తెలుస్తుంది, నా మాట దక్కుతుంది. ఆయన వెనక నుంచి పిల్ల నా వంక చూడలేదు. బతిమాలే చూపు ఒక్కటి చూసినా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. తెర వైపే, ఆ రోజు చూసినట్టే చూస్తోంది.

నాకు ఆయన మీద కోపం వచ్చింది, కన్నబిడ్డకు ఏం కావాలో ఒక్కసారి అడగనందుకు. పిల్ల మీద కోపం వచ్చింది, నన్ను ఇందులో ఇరికించినందుకు. అందరికంటే నా మీద నాకే వచ్చింది, ఆ రోజు కూర్చో అన్నందుకు. చూపిస్తే నేను గెలుస్తాను, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందో అనిపించింది. మౌసు మీది నుంచి చెయ్యి తీసేశాను.

“నేనే తప్పు కొట్టిన్నన్నా,” అన్నాను. “నీకు పంపినాంక మల్లోసారి పేజీ తెరిచిన. వరుస తారుమారైంది. సూస్కోలే. ఫొటో గూడ తియ్యలే.”

నా నోటి నుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. జిరాక్సు కోసం నిలబడ్డ ఒక టీచరమ్మ, నా దగ్గరే టైపు నేర్చుకున్న మనిషి, నోరు తెరుచుకుని చూసింది.

ఆయన బల్ల మీది ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, “ఇప్పుడు తిరిగి మార్సొచ్చా?” అని అడిగాడు.

“ఈ సీటు ఇడిసిపెడితే ఎనక విడతల మల్ల పెట్టుకోవచ్చు. గని గప్పటిదాక ఏది మిగుల్తదో, అసలు మిగుల్తదో లేదో నేను జెప్పలేను.” ఇదొక్కటి మాత్రం నిజమే చెప్పాను.

“ఎంత పని జేసినవ్ మేడమ్,” అన్నాడు. “ఇంట్ల దానికేం సెప్పాలె? తమ్మునికేం సెప్పాలె? నేనే పంపుతున్న అనుకుంటరు. కాయితం మీద రాసియ్యి.”

తెల్లకాగితం తీసుకుని రాశాను. ఫలానా పిల్ల కాలేజీల వరుస నా పొరపాటు వల్ల మారినది, ఇందులో వారి ఇంటివారి తప్పు ఏమియు లేదు. సంతకం పెట్టాను. ముద్ర కూడా వేయమన్నాడు, వేశాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, “పైకెల్లి గట్ల వచ్చినాంక ఏం జేస్తం తియ్,” అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పిల్ల వెనకాలే పోయింది. గడప దాటుతూ కూడా తిరిగి చూడలేదు. చూసి ఉంటే దొరికిపోయేదేమో, అది నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం పొగరు అనుకున్నాను.

ఆ కాగితం చందూర్ అంతా తిరిగింది. పక్కనున్న వర్ని దాకా పోయిందని విన్నాను. ఆ వైపు వాళ్లు రావడం మానేశారు. వచ్చినవాళ్లు కూడా నేను కొట్టిన ప్రతి అక్షరం మెడ చాపి చూసి, ఒకసారి సదువు మేడమ్ అని పైకి చదివించుకునేవాళ్లు. ముప్పయ్యేళ్లు వేళ్లు అరగదీసుకున్న మనిషిని, నా చేత పలక మీద ఓనమాలు దిద్దించినట్టు చదివించేవాళ్లు. ఫోల్డరులో ఆ రెండో స్క్రీన్‌షాటు అలాగే ఉంది. కోపం వచ్చినప్పుడల్లా తెరిచి చూసుకునేదాన్ని. నేను కొట్టలేదు అని గడియారం చెబుతుంటే వినడానికి నేనొక్కదాన్నే.

ఈ ఏడు మళ్లీ సీట్ల కాలం వచ్చింది. నిన్నగాక మొన్న మధ్యాహ్నం, ఆయనే. నేను గుండె గట్టి చేసుకుని లేచి నిలబడ్డాను. ఈసారి వెంట వేరే పిల్ల ఉంది, జడకు నల్ల రిబ్బను, చేతిలో అదే రకం ప్లాస్టిక్ ఫైలు. తమ్ముని బిడ్డ అన్నాడు. ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి తాను వెనకాల నిలబడ్డాడు.

“మీ బిడ్డ ఎట్లున్నది?” అన్నాను, వేరే ఏమనాలో తెలియక.

“మంచిగున్నది. అద్దాలు వెట్టుకొని ఏందో పురుగులు సూస్తదట ల్యాబుల. పోయిన పండుగకు వచ్చి మా బాయినీళ్లు సీసల నింపుకొని పోయింది, సూసి సెప్త అని. సూసింది, సెప్పింది. ఇప్పుడు కాగవెట్టుకొనే తాగుతున్నం.” ఆ మాటల్లో గర్వం ఆయన దాచుకోలేదు. “వాళ్లమ్మ మోకాళ్లకు గూడ దవాఖానల సూపించింది. కూలోళ్లకు నేనే వండుతున్న, ఏమైతది.”

“ఈ బిడ్డకు ఏది పెట్టాలె?” అన్నాను, కీబోర్డు దగ్గరికి లాక్కుంటూ. “బోధనేనా మొదలు?”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. గదిలో ఉన్న నలుగురికీ వినబడేలా, నన్ను క్షమించేసినవాడి గొంతుతో అన్నాడు.

“గప్పుడు మా బిడ్డకు ఎట్ల తప్పు కొట్టినవో మేడమ్, గీ బిడ్డకు గూడ గట్లనే కొట్టు.”